మోకాళ్ల నొప్పులు - గ్రామధర్మము

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఏ గ్రామమునకు బోయినను తెల్లవాఱుజామున ఒక దృశ్యము కంటబడక మానదు. ఒక ముదుసలి నులకమంచముమీదనుండి లేవబోవును. ఒక చేయి మంచపుపట్టెమీదను, ఒక చేయి గోడమీదను ఆనించి, రెండుమూడు మార్లు ప్రయత్నించి, దేవుని పేరు తలచుకొని, ఎట్టకేలకు నిలువబడును. వంటయింటి గడపవఱకు పది యడుగులు. ఆ పది యడుగులకు ఆమెకు పట్టు కాలములో మనుమరాలు వీధిచివరి కుళాయికి బోయి బిందె నింపుకొని రాగలదు. "ఏమవ్వా, ఈ అవస్థ?" అని యడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: "మోకాళ్ల నొప్పులు నాయనా. వయసు మీద పడినాక ఇంతే గదా."

ఈ "ఇంతే" యను మాటతోనే నేడు మాకు పేచీ. ఆ మాట ఆ యవ్వ స్వయముగా కల్పించుకొన్నది కాదు. కొడుకు చెప్పెను, కోడలు చెప్పెను, సూదిమందు వేయువాడు చెప్పెను. ఊరంతయు చెప్పగా ఆమె నమ్మెను. నమ్మి, కదలుట తగ్గించెను. తగ్గించినకొలది కండ కరగెను. కండ కరగినకొలది నొప్పి పెరిగెను. నొప్పి పెరిగినకొలది మూలనబడెను. వయస్సు తెచ్చిన కష్టము కొంత కలదు. దానిని మేము కాదనము. కాని మంచమునకు అంటగట్టినది వయస్సు మాత్రమే కాదు. కదలరాదను నమ్మకము, కదిలించువారు లేకపోవుట, ఈ రెండును వయస్సునకు తోడుపడినవి. ఈ రెండింటిని తొలగించుట వైద్యుని యొక్కని వలన కాదు. అది గ్రామము చేయవలసిన పని.

ఈ వృద్ధు లెవరో మొదట తలచుకొనుట మన ధర్మము. నల్లమల క్రిందినుండి గుండ్లకమ్మ పరీవాహమువఱకు గల మెట్టనేలలను దున్ని, కందియు సజ్జయు పండించినవారు వీరు. మార్కాపురపు గనులలో రాయి తీసి, పలకలు కోసి, నునుపుచేసి, దేశమందలి పిల్లల చేతికి అక్షరాభ్యాసపు పలక నందించినవారు వీరు. కంభము చెఱువు నిండిన యేడు నవ్వి, ఎండిన యేడు వలసబోయినవారు వీరు. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు పునాదిరాయి పడిననాడు నలువదియేండ్ల ప్రాయమున నున్న రైతు, రెండవ సొరంగపు త్రవ్వకము ముగిసిన 2024 నాటికి అఱువదియెనిమిదియేండ్ల వృద్ధు డయ్యెను. నీటికై నిరీక్షించుచుండగనే వారి మోకాళ్లు అరగిపోయినవి. వారి బిడ్డలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, గుంటూరునకు పొట్టచేత పట్టుకొని పోయిరి. ఇంటికి కావలి యున్నది ఈ మోకాళ్ల నొప్పుల ముసలివారే.

ఈ వ్యాధి యేమి? డాక్టర్లు ఆస్టియో ఆర్త్రైటిస్ అనునదియు, మనవారు కీళ్లవాత మనియు, అరుగుదల యనియు చెప్పునదియు నొకటే. ఎముక చివర ఎముకతో రాచుకొనకుండ ప్రకృతి అమర్చిన మెత్తని మృదులాస్థి క్రమముగా పలుచబడును. కీలుచుట్టు నున్న కండ బలహీనమగును. కీలు వాచును, బిగియును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలో 2019 నాటికి ఈ వ్యాధిగ్రస్తులు 52 కోట్ల 80 లక్షలమంది. వారిలో నూటికి 73 మంది 55 యేండ్లు దాటినవారు, నూటికి 60 మంది స్త్రీలు. అన్ని కీళ్లలోను ఎక్కువగా పీడింపబడునది మోకాలు. మన దేశమున 1990లో రెండుకోట్ల ముప్పదియైదు లక్షలకు లోపుగా నున్న రోగుల సంఖ్య 2019 నాటికి ఆరుకోట్ల ఇరువది లక్షలు దాటినదని పరిశోధకులు అంచనా వేసిరి. ఇంతమందిని ఆపరేషను బల్లమీదికి ఎక్కించు శక్తి ఏ ప్రభుత్వమునకును లేదు. ఎక్కించవలసిన అవసరమును అందఱికి లేదు.

"అరిగిన కీలును కదిపినచో మఱింత అరుగదా?" యని యడుగుదురు. ఇది సహజమైన శంకయే. బండియిరుసుతో పోల్చి చూచుకొనువారికి అట్లే తోచును. కాని కీలు ఇరుసు కాదు, ప్రాణమున్న వస్తువు. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోని జిగురునీరే దానికి ఆహారము. కీలుమీద బరువు పడినప్పుడు ఆ నీరు నొక్కబడి వెలికి పోవును. బరువు తీసినప్పుడు మరల లోనికి పీల్చబడును. నడకవలనను, వంచి చాచుటవలనను ఈ రాకపోకలు సాగును. కదలిక యుడిగిన కీలు ఆహారము లేని కీలు. అదిగాక మోకాలిని నిలబెట్టునది ఎముక మాత్రమే కాదు, తొడముందటి పెద్దకండ. ఆ కండకు బలమున్నచో అడుగువేసినప్పటి అదటును అది భరించును. బలము లేనిచో ఆ భారమంతయు కీలుమీదనే పడును. స్థూలకాయులకు మఱియొక సంగతి: దేహమున ఒక్క కిలో బరువు తగ్గినచో అడుగడుగునను మోకాలిమీద నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పిరి.

ప్రమాణము లేని మాటను ప్రజలకు చెప్పుట పత్రికాధర్మము కాదు. మోకాలి అరుగుదలకు వ్యాయామము పనికివచ్చునా యని జరిగిన 44 పరిశోధనలను 2015లో కాక్రేన్ సమీక్షకులు ఒక్కచోట చేర్చి చూచి, నొప్పి తగ్గుననియు, పనిచేయు శక్తి పెరుగుననియు తేల్చిరి. 2024లో ఆ సమీక్షనే తిరుగదోడి, 139 పరిశోధనలను పరిశీలించి, మేలు కలదు గాని అది మనము ఊహించినంత గొప్పది కాకపోవచ్చునని జాగ్రత్తగా పలికిరి. కాబట్టి వ్యాయామము సంజీవని యని మేము చెప్పము. అరిగిన మృదులాస్థిని అది తిరిగి మొలిపింపదు. మానివేసినచో కలిగిన మేలును కొలదికాలములోనే తఱిగిపోవును. కాని నొప్పిమాత్రలను ఏండ్ల తరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు పుట్టును, మూత్రపిండములు చెడును, రక్తపుపోటు పెరుగును. వ్యాయామమున కట్టి దోషములు లేవు. ఖర్చు లేదు. లేచి నిలుచు శక్తి కొంచెమైనను మిగులును. డెబ్బదియేండ్ల మనుష్యునికి "కొంచెము" అనగా అల్పము కాదు. స్వయముగా స్నానాలగదికి బోవుటకును, మఱియొకరి భుజముమీద ఆనుకొని పోవుటకును నడుమనున్న దూరమే ఆ కొంచెము.

మఱియొక ఆక్షేపణ మెట్టపొలములనుండి వచ్చును. "బ్రతుకంతయు చేలో వంగి లేచినవారము. మాకు మరల కసరత్తు లేమి?" యని కూలిచేసి చేతులు కాయలుకాచిన వృద్ధురాలు అడిగినచో పట్టణవాసి నోరు మెదపలేడు. ఆమె మాటలో సత్యము కలదు. ఆమె సోమరి కాదు. కాని కష్టము వేఱు, వ్యాయామము వేఱు. గంటలకొలది వంగి కలుపుతీయుట, గొంతుకూర్చుండుట, బరువు నెత్తిన మోయుట కీలును ఒకే తీరున నలుపును, విశ్రాంతి నీయదు, కొన్ని కండలను అలయించి కొన్నింటిని మఱచును. వ్యాయామము ఏ కండకు ఎంత పని యీయవలెనో కొలిచి యిచ్చును, నొప్పి చూచి తగ్గించును, బలము చూచి పెంచును. కూలిపనిలో కొలత యజమానిది. వ్యాయామములో కొలత తనది.

ఇంతవఱకు చెప్పినది అన్ని జిల్లాలకు చెల్లును. పశ్చిమ ప్రకాశమునకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటి కలదు. అది మన నీటి కథ. భారతదేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యశాస్త్రజ్ఞులు తొలుత గుర్తించి ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. మనుష్యులకంటె ముందు కాడియెడ్ల నడకలోని బిగువును రైతులే కనిపెట్టిరని చెప్పుదురు. ఆ జిల్లాలోనివే కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరెను. కర్నూలు జిల్లానుండి మార్కాపురము, గిద్దలూరు వచ్చి కలిసెను. 1972లో ఆ జిల్లాకే ప్రకాశమని పేరు. ఈ సీమలో పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు. ఆ హద్దు దాటిన నీటిని ఏండ్లకొలది త్రాగినవారి ఎముకలలో ఫ్లోరైడు పేరుకొనును. సంధిబంధములు సున్నమువలె గట్టిపడును. వెన్ను కఱ్ఱవలె బిగియును.

ఈ బిగువును చూచి "వాతము" అని సరిపెట్టుకొనుట మన ప్రాంతమున తఱచు జరుగు పొరపాటు. కావున మా తొలి సలహా కసరత్తు కాదు, పరీక్ష. గ్రామములో ఎవరైనను చేయగల మూడు చిన్న పరీక్షలు కలవు. మోకాళ్లు వంచకుండ ముందునకు వంగి కాలివ్రేళ్లను తాకగలరా? గడ్డమును ఱొమ్మునకు ఆనించగలరా? రెండుచేతులను తలవెనుకకు చేర్చగలరా? ఈ మూడును చేయలేనివారు, అందులోను నడివయసువారు, ఆ యింటి పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలున్నచో, వెంటనే వైద్యుని చూడవలయును. త్రాగునీటిని పరీక్ష చేయించవలయును. ఫ్లోరోసిస్ రోగికి మొదటి మందు మంచినీరు. పాలు, ఆకుకూరలు, ఉసిరి వంటి ఆహారము తరువాతిది. నీరు మార్పక కసరత్తు నేర్పుట, చిల్లికుండలో నీరు పోయుటయే. ఇక తెల్లవాఱి లేచినప్పుడు గంటకు పైగా కీళ్లు బిగిసి, రెండుచేతుల వ్రేళ్ల కణుపులు వాచియున్నచో, అది అరుగుదల కాక రుమటాయిడ్ అను మఱియొక వ్యాధి కావచ్చును. దానికి వేఱు మందులు కలవు. ఆలస్యము చేసినచో కీళ్లు వంకరపోవును.

ఇక మా ముఖ్యవాదమునకు వత్తుము. వ్యాయామము మంచిదని డాక్టరు చెప్పిన చీటీని మడిచి దేవుని పటము వెనుక దాచినవారు ఎందఱో కలరు. ఒంటరిగా ఇంట గోడకెదురుగా కాలు చాచి పది లెక్కపెట్టుట రెండు దినములు జరుగును. మూడవదినము నొప్పియనియు, నాలుగవదినము చుట్టములనియు మానుదురు. మనుష్యుని నిలబెట్టునది కూడిక. ఒక జట్టులో ఒకరు రాకున్నచో తక్కినవారు తలుపు తట్టుదురు. "నేడు సుబ్బమ్మ రాలేదేమి?" యను ఆ ప్రశ్నలోనే సగము చికిత్స కలదు.

లోకమున దీనికి దృష్టాంతములు లేకపోలేదు. జపానులో 1928లో రేడియో వ్యాయామము మొదలయ్యెను. యుద్ధానంతరము కొన్నియేండ్లు ఆగి, 1951లో మరల సాగెను. నేటికిని ఉదయము ఆరున్నరకు రేడియోలో పియానో వినబడగనే ముసలివారు ఉద్యానములలో వరుసగా నిలిచి చేతు లెత్తుదురు. డెన్మార్కులో 2013 నుండి మోకాలు, తుంటి నొప్పులవారికొఱకు ఒక పద్ధతి నడుచుచున్నది: ముందు వ్యాధిని గూర్చి రెండు పాఠములు, తరువాత ఆరువారములు, వారమునకు రెండుమార్లు, జట్టుగా కసరత్తు. అంతకుమించి అందులో మాయ యేమియు లేదు. ఆ పద్ధతి పిమ్మట ఇతర దేశములకును వ్యాపించెను.

అంతదూరము పోనేల? మన పల్లెలలో చెక్కభజన కలదు. చెక్కలు తట్టుచు, పాదము పాదమునకు కలుపుచు, ఒకరి అడుగును చూచి ఒకరు వేయు ఆ విద్య అడుగు నేర్పునకు, తూకమునకు, ఊపిరికి మంచి సాధన. కోలాటము కలదు. ఎగిరి దుమికెడు గతులను విడిచి, మెల్లని గతులను వృద్ధులకు మిగుల్చుకొన్నచో మనకు విదేశపు సంగీతము అక్కఱలేదు. కూడికలోని శక్తిని గూర్చి కూడ మన పొరుగు నెల్లూరు జిల్లాలోని దూబగుంట మనకు చెప్పగలదు. 1992లో అక్షరములు దిద్దుకొనుటకై రాత్రిబడికి చేరిన స్త్రీలు కలిసి కూర్చుండి, కలిసి మాటాడి, సారాయి దుకాణమును మూయించిరి. మరుసటియేడు రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. ఒక పనికై కూడినవారు పది పనులు సాధింతురు. మోకాళ్లకై కూడిన ముసలివారు రేపు తమ యూరి నీటిని గూర్చి అడుగరని ఎవరు చెప్పగలరు?

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరమున సుమారు మూడులక్షలమంది ఒక్కమారుగా యోగాసనములు వేసిరి. అంతకుముందు నెలదినములు రాష్ట్రమంతట శిక్షణము జరిగెను. ఇంతమందిని సమకూర్చు సామర్థ్యము మన ప్రభుత్వమునకు కలదని రుజువయ్యెను, సంతోషమే. కాని ఒక్కదినపు ఉత్సవము వ్యాయామము కాదు. అందులోను పద్మాసనము, వజ్రాసనము అరిగిన మోకాలికి తగినవి కావు. పట్టుబట్టి వేసినచో కీడు. మన కిప్పుడు కావలసినది మూడులక్షలమంది ఒక్కదినము కాదు. ఇరువదిమంది మూడువందల దినములు. తివాచీమీద కాదు, కుర్చీమీద.

ఏ విధముగా చేయవలెనో చెప్పక ఉపదేశించుట సులభము. కావున కొంచెము వివరింతుము. స్థలము: బడివసారా, భజనమందిరము, కోవెల మంటపము - నీడయు, సమతలమైన నేలయు, పట్టుకొనుటకు గోడయు ఉన్నచాలు. కాలము: వారమునకు మూడుదినములు, ప్రొద్దెక్కకమునుపు నలువది నిమిషములు, మన ఎండలకు ఇంతకంటె వేఱు వేళ లేదు. సామగ్రి: కదలని కుర్చీలు లేక బల్లలు, ఒక్కొక్క తుండుగుడ్డ, ఇసుక నింపిన నీళ్లసీసా. జట్టు: పదునైదుగురు మొదలు ఇరువదిమంది వఱకు.

మొదట అయిదు పది నిమిషములు నిలిచినచోటనే మెల్లగా అడుగులు; భుజములు త్రిప్పుట, పిడికిలి మూసి తెఱచుట. తరువాత కుర్చీలో కూర్చుండి ఒక కాలు చాచి, తొడకండ బిగించి, అయిదు లెక్కించి దించుట, కాలొకటికి పదిమార్లు. తరువాత అన్నిటికన్న ముఖ్యమైనది: కుర్చీలోనుండి లేచుట, కూర్చుండుట. మొదట చేతుల ఊతతో, పిదప ఊత లేకుండ, చేతులు ఱొమ్మున కట్టుకొని. తరువాత గోడపట్టుకొని మడమ లెత్తుట, గోడపట్టుకొని ఒంటికాలిమీద నిలుచుట. పడిపోకుండ కాపాడునది ఈ చివరిదే. తూకము నిలుపు ఇట్టి సాధనలు అఱువదియైదు దాటినవారికి వారమున మూడుదినములైనను కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఉద్ఘాటించెను. కడపట పది నిమిషములు కూర్చుండి ముచ్చటలు. ముచ్చటలను కోసివేయవలదని నిర్వాహకులకు మా ప్రత్యేక మనవి.

మితము తప్పరాదు. చరకసంహితలో వ్యాయామపు మేలు చెప్పిన చోటనే అతివ్యాయామపు కీడును చెప్పబడినది. గుర్తు ఇది: చేయునప్పుడు కొంత నొప్పి కలిగినను భయము లేదు, ఆ నొప్పి మరుసటిదినమునకు సద్దుమణిగి మునుపటి స్థితికి రావలెను. మరునాటికిని పెరిగియే యున్నచో కొలత తగ్గింపవలెను. మానవలసిన పని లేదు. కీలు ఎఱ్ఱనై వేడిగా వాచినదినమున ఆ కీలుకు విశ్రాంతి. ఱొమ్మునొప్పి, ఆయాసము, తలతిరుగుడు కలవారు వైద్యుని అనుమతి లేక చేరరాదు.

నడుపువా రెవరు? డ్రిల్లుమాష్టరు పదవినుండి విరమించిన యూరు ధన్యము. లేనిచో ఆశా కార్యకర్త, నర్సమ్మ, పొదుపుసంఘపు నాయకురాలు - ఎవరైనను మూడు నాలుగు దినముల శిక్షణముతో నేర్వగలరు. శిక్షణము మాత్రము ఫిజియోథెరపీ తెలిసినవారే యీయవలెను. ఆ బాధ్యత ప్రభుత్వముది. వృద్ధుల ఆరోగ్యమునకై జాతీయ కార్యక్రమ మొకటి 2010-11 నుండి కాగితముమీద కలదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారమునకొకమారు వృద్ధుల క్లినిక్కు జరుగవలెనని అందున్నది. మీ మండలమున అది ఏ వారము జరుగుచున్నదో అడిగి తెలిసికొనుడు. జరుగకున్నచో ఎందుకు జరుగదో అడుగుడు. అడుగుట నేరము కాదు. అడుగకపోవుటయే మన చిరకాలపు నేరము.

మఱియొక సులభోపాయము కలదు. 2024 జూలై మొదలు వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటివద్దనే అందుచున్నది. అనగా ప్రతినెలయు ప్రభుత్వోద్యోగి ఒకడు ప్రతి వృద్ధుని గడపకు వచ్చుచున్నాడన్నమాట. డబ్బు చేతబెట్టి వ్రేలిముద్ర తీసికొనుటతో పాటు, "తాతా, అరనిమిషములో కుర్చీలోనుండి ఎన్నిమార్లు లేవగలవు?" అని లెక్కించి వ్రాసికొన్నచో ఖజానాకు ఒక్క కాసు ఖర్చు లేదు. డెబ్బదియేండ్ల పురుషుడు పండ్రెండు మార్లు, స్త్రీ పది మార్లు లేవలేకున్నచో పడిపోవు ప్రమాదము కలదని అమెరికావైద్యులు ఒక కొలత పెట్టుకొనిరి. మన కొలత మనమే పెట్టుకొందము. నెలనెల ఆ లెక్క పెరుగుచున్నదా తఱుగుచున్నదా అన్నదే గ్రామారోగ్యమునకు మంచి కొలబద్ద.

ఇక దూరదేశములనున్న కొడుకులకు, కూతుండ్రకు ఒక మాట. "అమ్మా, నీవు కదలకు, కూర్చో, మేమున్నాము" అని మీరు ఫోనులో చెప్పు మాట ప్రేమతో చెప్పినదే. కాని ఆ ప్రేమయే ఆమెను కుంటిదానిని చేయుచున్నది. మీరు పంపు డబ్బుతో మందుగోలీల సంచి నింపుటకుముందు, మరుగుదొడ్డిలో పట్టుకొని లేచుటకు గోడకొక ఇనుపకడ్డీయు, కూర్చుండుటకొక ఎత్తుపీటయు పెట్టింపుడు. గొంతుకూర్చుండలేక, లేవలేక, ఆ బాధకు వెఱచి మధ్యాహ్నమునుండి నీరు త్రాగుట మానిన తల్లులు ఈ సీమలో ఎందఱో కలరు. ఆ మాట వారు కొడుకులకు చెప్పరు. పత్రికకును చెప్పరు. ఒక జట్టులో కూడినప్పుడు, తమయీడు స్త్రీలతో మాత్రము చెప్పుకొందురు. జట్టు కావలెనని మేము వాదించుటకు ఇదియు నొక కారణము. "ఈ వయసులో కాళ్లు చేతులు ఎగురవేయుట నగుబాటు" అని ముసలమ్మలు మొదట సిగ్గుపడుదురు, నిజమే. వీధిలో నవ్వువారును ఉందురు. మొదటి వారము సర్పంచి తల్లియో, బడిపంతులు తల్లియో వచ్చి ముందువరుసలో కూర్చున్నచో రెండవ వారమునకు ఆ నవ్వు ఆగును.

ప్రకాశము జిల్లాకు ఏ మహనీయుని పేరు పెట్టుకొంటిమో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయునాటికి ఎనుబదియొక్క యేండ్లు నిండినవారు. గాంధీమహాత్ముడు 1930లో దండికి నడచుచుండగా ఆయనకు అఱువదియొకటవ యేడు. వారివంటి దేహశక్తి అందఱికి లభింపదు. వారితో పోటీపడుమని మేము మన అవ్వతాతలకు చెప్పుట లేదు. వారు కోరునది చిన్నది. తన మంచము తాను దిగవలెను. తన నీరు తాను ముంచుకొని త్రాగవలెను. శనివారమునాడు చెన్నకేశవస్వామి గడప తన కాళ్లతో తాను దాటవలెను. పరులమీద ఆధారపడని బ్రతుకునకే గదా మన పెద్దలు స్వరాజ్యమని పేరు పెట్టిరి! అది దేహమునకును కావలెను.

రాబోవు సోమవారము తెల్లవాఱుజామున మీ యూరి భజనమందిరము తలుపు తీయుడు. పది కుర్చీలు వేయుడు. ఆ మంచముమీది యవ్వ దగ్గఱకు ఒకరు పోయి, చేయి యందించి, "రా అవ్వా, నీకోసమే అందరును కాచుకొని యున్నారు" అని పిలువుడు. ఆమె రాగలిగినన్ని యడుగులే మొదటి పాఠము.